సున్నాల రిజిస్టరు

నా దస్తూరీ బాగుంటుందని నాకు ఉద్యోగమిచ్చారు. పైపుల అతుకుల్లో లోపాలున్నాయో లేదో గామా కిరణాలతో ఫొటో తీసి చూసే కంపెనీ అది. పేరు అనవసరం. పరవాడ, అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో రాత్రిళ్లు తాళ్లు కట్టి, ఎర్ర లైటు పెట్టి, ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా చేసే పని. నేను ఆ తాడు లోపలికి అడుగుపెట్టినవాణ్ణి కాదు. ఆఫీసులో కూర్చుని, లోపలికి వెళ్లేవాళ్ల టీఎల్‌డీ బ్యాడ్జీల రిజిస్టరు రాసేవాణ్ణి. గుమాస్తాని, అంతే. అయినా అనకాపల్లిలో నన్ను రేడియేషన్ మేష్టారనే పిలుస్తారు. అడిగినవాడికీ అడగనివాడికీ పాఠాలు చెప్పి ఆ పేరు నేనే సంపాదించుకున్నాను.

బ్యాడ్జీ గురించి చెప్పమంటే ఇప్పటికీ నా గొంతు ఒక మెట్టు పైకి లేస్తుంది. చూడ్డానికి ప్లాస్టిక్ డబ్బీ, లోపల నికెల్ పూత వేసిన అల్యూమినియం రేకు, దానికి మూడు తెల్ల బిళ్లలు. డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేటును టెఫ్లాన్‌లో దట్టించి చేస్తారు. ఒక బిళ్ల ముందు లోహపు తెర, ఒకదాని ముందు ప్లాస్టిక్ తెర, మూడోదాని ముందు ఏమీ లేని కిటికీ. తగిలిన రేడియేషన్‌ని అవి లోపల దాచుకుంటాయి. ల్యాబులో వేడిచేస్తే వెలుగుగా కక్కేస్తాయి. ఆ వెలుగుని కొలిస్తే మోతాదు తెలుస్తుంది. మూడు నెలలకోసారి పాతవి పంపి కొత్తవి తెచ్చుకోవాలి. ప్రతి మనిషికీ ఒక నంబరు. అతను ఏ ఊళ్లో ఏ కంపెనీలో చేరినా ఆ నంబరు వెంటే వెళ్తుంది. దేశంలో అందరి లెక్కలూ చివరికి ముంబయిలో బార్క్, అంటే భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ల జాతీయ రిజిస్ట్రీకి చేరతాయి. బ్యాచికొక కంట్రోల్ బ్యాడ్జీ కూడా వస్తుంది. దాన్ని ఎవరూ పెట్టుకోకూడదు, రేడియేషన్ సోకని చోట ఉంచాలి. నేను నూకాలమ్మ పటం వెనక పెట్టేవాణ్ణి. అంతకన్నా సురక్షితమైన చోటు మా ఆఫీసులో ఉందని నేననుకోలేదు.

ల్యాబు నుంచి వచ్చిన కాగితాల్లో ఎక్కువ సున్నాలే ఉండేవి, లేదంటే సున్నాకి పొరుగువాళ్లు. అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీ పెట్టిన హద్దు అయిదేళ్లలో సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదైనా 30 దాటకూడదు. మావాళ్లు దాని దరిదాపులకి కూడా రాలేదు. చర్మానికి వేరే హద్దుంది, ఏడాదికి 500. ఆ గడిని నేనెప్పుడూ సరిగ్గా చదవలేదు. ఒళ్లంతటికీ 20 అయితే ఒట్టి తోలుకి 500 ఎందుకో అడగాలని కూడా తోచలేదు. బ్యాడ్జీలో సున్నా ఉంటే మనిషిలోనూ సున్నాయే అనుకున్నాను. నా మూర్ఖత్వమంతా ఈ ఒక్క వాక్యం మీద కట్టిన మేడ.

రిటైరయ్యాక రిజిస్టరు పోయింది, నోరు మిగిలింది. అచ్యుతాపురం దగ్గర బార్క్ వాళ్ల రెండో ప్రాంగణం వస్తోందనగానే టీ కొట్లో నాకు గిరాకీ పెరిగింది. "మేష్టారూ, అక్కడ పన్లోకెళ్తే ఏటవుద్ది?" అని అడిగేవాళ్లు. "ఏటీ అవదు. ఛాతీ మీద బ్యాడ్జీ ఉంటాది. చీమంత రేడియేషన్ తగిలినా రాసేసుకుంటాది" అనేవాణ్ణి. ఒకాయన పూడిమడక ఇసకలో కూడా అలాంటివి ఉంటాయా అన్నాడు. మన తీరం ఇసకల్లో మోనజైట్ ఉంటుందని, దాన్లో థోరియం ఉంటుందని ఎక్కడో చదివాను. "మనం చిన్నప్పట్నుంచి రేడియేషన్ రేణువుల మీద పడుకుని దొర్లినోళ్లమే. ఏటయింది?" అన్నాను. అందరూ నవ్వారు, నా టీ డబ్బులు ఎవరో ఇచ్చారు. థోరియం అర్ధాయువు 1400 కోట్ల ఏళ్లనీ, రియాక్టర్లో పుట్టే కోబాల్ట్-60ది 5.27 ఏళ్లేననీ, అంత తొందరగా ఖర్చయిపోయేది అదే పరిమాణంలో ఎన్నో కోట్ల రెట్లు ఎక్కువ కిరణాలు చిమ్ముతుందనీ ఆ రోజు నాకు తెలీదు. తెలిస్తే ఆ టీ నేనే కొనుక్కునేవాణ్ణి.

ఇంతలో మా అక్క కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. వాడు వాల్వుల ఇంజనీరు. అణు విద్యుత్ కేంద్రాల్లో ఇంధనం మార్చడానికి యూనిట్ ఆపినప్పుడు వెళ్లి వాల్వులు విప్పి చూసే పని. "మావయ్యా, నీకు తెలిసిన సంగతి కదా, ఒక సలహా చెప్పు" అన్నాడు. నన్నెవరైనా ఇంత మర్యాదగా అడిగితే నేనిక ఆగను.

సంగతేమిటంటే, వాడు పని చూసుకుని బయటికి వస్తుంటే గేటు దగ్గర మానిటర్ మోగింది. వెతికితే ఎడమ ముంజేతి మీద, గ్లవ్‌కీ చొక్కా చేతికీ సందున, ఒక్కచోట మీటరు గోల పెట్టింది. కంటికి ఏమీ కనపడలేదు. అంటించే టేపుతో అద్ది తీశారు, కడిగారు, మళ్లీ చూశారు, పోయింది. ఆ టేపుని సంచిలో వేసి పరీక్షకి పంపారు. తర్వాత ఒక కాగితం చేతిలో పెట్టారు. మోచేతి కింది చర్మానికి ఇంత మోతాదు అని. వాడి బ్యాడ్జీ మాత్రం ఎప్పటిలాగే అమాయకంగా ఉంది.

"సంతకం పెట్టకు" అన్నాను. "బ్యాడ్జీలో లేని మోతాదు మోతాదే కాదు. ఎవడో టేబుల్ దగ్గర కూర్చుని రాసిన అంకె అది. రేపు దాన్ని చూపించి పన్లోంచి తీసేస్తారు. నేను రాసిన రిజిస్టర్లకి లెక్కలేదురా, బ్యాడ్జీ లేకుండా ఒక్క అంకె వేసుంటే ఒట్టు."

వాడు నా మాట పట్టుకుని వెళ్లి అక్కడి రేడియేషన్ రక్షణ సూపర్‌వైజరుతో వాదం పెట్టుకున్నాడు. ఆవిడ ఓపికమంతురాలు. గంటసేపు కూర్చోబెట్టి చెప్పిందట. వాడు అదంతా తెచ్చి నాకు ఫోన్లో చెప్పాడు. నేను మధ్యలో పదిసార్లు అడ్డం వచ్చాను.

వాటిని వేడి రేణువులంటారు. ముట్టుకుంటే కాలవు, అది వేరే వేడి. కొన్ని ఇంధనపు గొట్టానికి సూదిమొనంత బెజ్జం పడితే బయటికొచ్చిన ఇంధనపు తునకలు. కొన్ని మా వాడు విప్పే వాల్వుల సంతానమే. వాల్వు సీట్లకి అరగకుండా కోబాల్టు కలిసిన గట్టి లోహం వేస్తారు. అదీ ఎంతో కొంత అరుగుతుంది. అరిగిన పొడి నీళ్లతో రియాక్టర్ గుండెలోకి వెళ్లి, న్యూట్రాన్లు తిని, మామూలు కోబాల్టు కాస్తా కోబాల్ట్-60 అయి తిరిగొస్తుంది. వెంట్రుక మందం కన్నా సన్నగా ఉండొచ్చు. స్థిర విద్యుత్తు పట్టుకుని ఒకచోట నుంచి ఇంకోచోటికి ఎగురుతుంది కాబట్టి అక్కడి పనివాళ్లు వీటిని గోమార్లంటారట. 1980ల్లో అక్కడి కేంద్రాల్లో ఇదొక పెద్ద తలనొప్పి అయింది. తీరా చూస్తే ఉతికి ఆరేసిన రక్షణ దుస్తుల్లోనే కొన్ని దొరికాయి. ఒకడి చొక్కాలోది లాండ్రీలో ఇంకొకడి చొక్కాలోకి మారేది.

ఇలాంటి రేణువు చిమ్మే బీటా కణాలు దూరం పోవు. కోబాల్ట్-60 బీటాలు ఒంట్లో ఒక మిల్లీమీటరు కూడా దాటవు. కానీ రేణువు చర్మానికే అతుక్కుంటే ఆ మిల్లీమీటరు లోపలే చేయాల్సిందంతా చేస్తాయి. చర్మం పైపొర చచ్చినదే, దానికేమీ కాదు. దాని అడుగున 0.07 మిల్లీమీటర్ల లోతులో కొత్త చర్మాన్ని పుట్టించే కణాలుంటాయి. మోతాదు కొలవాల్సింది అక్కడ. ఛాతీ మీది బ్యాడ్జీకి ముంజేతి మీద ఏం జరుగుతోందో తెలిసే దారే లేదు. అందుకని లెక్క కడతారు. టేపుకి అంటిన రేణువులో ఏ మూలకం ఉందో, ఎంత ఉందో కొలుస్తారు. అది ఎంతసేపు అంటుకుని ఉందో తేలుస్తారు. ఎప్పుడు పడిందో ఎవరికీ తెలీదు కాబట్టి, వేరే ఆధారం దొరకకపోతే చివరిసారి శుభ్రంగా ఉన్నాడని తేలిన క్షణం నుంచీ ఉన్నట్టే రాస్తారు. అంటే సందేహం వస్తే అంకె పెరుగుతుందే గానీ తగ్గదు. ఇవన్నీ వార్‌స్కిన్ అనే కంప్యూటర్ ప్రోగ్రాముకి ఇస్తే చర్మపు మోతాదు చెబుతుంది. అక్కడి అణు నియంత్రణ కమిషన్ కోసం తయారుచేసిందది.

ఇంత విన్నాక బుద్ధున్నవాడు ఊరుకుంటాడు. నేను కాగితం, కలం తీశాను.

పాత ట్రైనింగు నోట్సులో కోబాల్ట్-60 చుక్క చర్మం మీద ఉంటే గంటకి ఎంత మోతాదు అనే పట్టిక ఒకటి కనిపించింది. మా వాడి కాగితంలోంచి రేణువు బలం, సమయం అడిగి తెలుసుకుని గుణించాను. నా అంకె వాళ్లు రాసినదానికి దాదాపు పది రెట్లు వచ్చింది. మళ్లీ గుణించాను, మళ్లీ అదే. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. మొన్నటిదాకా "లేని మోతాదు ఎందుకు రాశారు" అన్నవాణ్ణి, ఇప్పుడు "ఉన్నది ఎందుకు రాయలేదు" అని లేచాను. టీ కొట్టుకి వెళ్లి, అమెరికావాడు మావాడి మోతాదులో పదింట తొమ్మిది వంతులు మింగేశాడని ప్రకటించాను. అణు ఒప్పందాల దాకా వెళ్లింది ఆ సాయంత్రం చర్చ. మా అక్క గవరపాలెం నుంచి ఆటో కట్టించుకుని వచ్చి, "తమ్ముడూ, పిల్లాడి చెయ్యి తీసేస్తారేటి?" అని ఏడ్చింది.

ఫోన్లో మా వాడు చాలా నెమ్మదిగా అడిగాడు. "మావయ్యా, నువ్వు ఎంత చర్మానికి లెక్కకట్టావు?"

ఎంత చర్మానికేమిటి? చర్మానికి కట్టాను.

ఆ పట్టిక ఒక చదరపు సెంటీమీటరుకి రాసింది. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ చెప్పేది అదే, మన ఏఈఆర్‌బీదీ అదే పద్ధతి. ఎక్కువ తగిలిన చోట ఒక చదరపు సెంటీమీటరు తీసుకుని సగటు కట్టాలి. అమెరికాలోనూ ఒకప్పుడు అంతే. 2002లో వాళ్లు నిబంధన మార్చి పది చదరపు సెంటీమీటర్లకి సగటు కట్టమన్నారు. మొదటిది దాదాపు పదకొండు మిల్లీమీటర్ల వెడల్పున్న వృత్తం. రెండోది మూడున్నర సెంటీమీటర్ల పైచిలుకు. హద్దు మాత్రం రెండుచోట్లా 500 మిల్లీసీవర్టులే. అదే రేణువు, అదే చెయ్యి, అంతే సేపు. ఇక్కడ 300 అని రాస్తే అక్కడ 30కి కాస్త అటూఇటూగా రాస్తారు. ఎవరూ ఏదీ మింగలేదు.

మాది బెల్లం ఊరు కాబట్టి నాకు అర్థమయ్యేలా చెప్పుకున్నాను. దిమ్మలో రాయి ఉంటే దిమ్మ మొత్తంతో పోల్చి ఇంత పాలు రాయి అనొచ్చు. రాయున్న ముక్కని మాత్రమే విరిచి తూచి పెద్ద అంకె చెప్పొచ్చు. రెండు తూకాలూ నిజమే. కొరికినవాడి పంటికి తగిలేది మాత్రం సగటు కాదు.

వాళ్లు మార్చడానికి కారణం కూడా మా వాడే చెప్పాడు. విన్నాక మొదటిసారి నేను నోరు మూసుకున్నాను. పాత నిబంధనలో ఒక చిన్న రేణువుకే హద్దు దాటిపోయే ప్రమాదం ఉండేది. అందుకని రేణువులున్న చోట పనిచేసేవాళ్లని మాటిమాటికీ ఆపి ఒళ్లంతా తడిమి చూసేవాళ్లు. ఆ చూడ్డానికి పట్టినంతసేపూ పనివాడూ చూసేవాడూ గామా కిరణాల్లోనే నిలబడాలి. పొరల మీద పొరలు తొడుక్కుని ఉక్కలో నిలబడాలి. చర్మం మీద గోమారిని పట్టుకోబోయి ఒళ్లంతటికీ మోతాదు పెంచుకున్నట్టయింది. రేణువు చేసే హాని మహా అయితే ఒకచోట చిన్న పుండు. క్యాన్సర్ ముప్పు చూస్తే, అంత చిన్న జాగాలో చాలా తక్కువ. ఒళ్లంతా తగిలే మోతాదు అలాంటిది కాదు. ఒళ్లంతటికీ 20, తోలుకి 500 ఎందుకో అప్పుడు తెలిసింది.

ఈ మార్పు సబబే అనుకుంటాను. నా అనుమతి కోసం అక్కడెవరూ ఆగలేదులెండి. కానీ ఒక గుమాస్తాగా నాకో పట్టింపుంది. మోతాదు గడి పక్కనే ఇంకో చిన్న గడి ఉండాలి, ఎంత చర్మానికి కట్టారో రాయడానికి. అది లేకపోతే రెండు దేశాల్లో పనిచేసిన మనిషి కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి నాలాంటివాడు ఇంకొకడు టీ కొట్లో వీరంగం వేస్తాడు.

ఇక్కడితో ఆపేస్తే నా మూర్ఖత్వం నవ్వులాటగానే ఉండేది. "మీ రేడియోగ్రఫీలో రేణువులుండవు కదా మావయ్యా, సోర్సు సీలు వేసి ఉంటుంది, నీకు తెలీకపోవడం సహజమే" అని మా వాడు ఓదార్చాడు. నిజమే, గామా కిరణాలు చిమ్మే మా ఇరిడియం-192 సోర్సు ఉక్కు గొట్టంలో మూసి ఉంటుంది. ఫోను పెట్టేశాక ఒక హెల్పర్ వేళ్లు గుర్తొచ్చాయి.

యలమంచిలి వైపు కుర్రాడు. ఒకసారి ఆఫీసుకొచ్చి కుడిచేతి రెండు వేళ్ల కొసలు చూపించాడు. ఎర్రబడి, బొబ్బ లేవబోతున్నట్టున్నాయి. "ఫిల్మ్ కడిగే ఫిక్సర్ పడుంటుంది, చెయ్యి కడుక్కోవా?" అన్నాను. ఆ మూడు నెలల బ్యాడ్జీ వచ్చాక చూశాను కూడా. ఒక మిల్లీసీవర్టు. "చూశావా, ఏమీ లేదు" అని కాగితం వాడికే చూపించాను. వాడు వేళ్లు చూపించడానికి రెండు వారాల ముందు, సోర్సు తన పెట్టెలోకి, అంటే కెమెరాలోకి, పూర్తిగా వెనక్కి రాకముందే ఎవరో అది బయటికి వెళ్లే గైడ్ ట్యూబు కొస పట్టుకున్నారని మాటల్లో విన్నట్టు గుర్తు. దాన్నీ దీన్నీ ముడిపెట్టే బుర్ర నాకు లేదు. రేడియేషన్ కాల్పు వెంటనే కనపడదని, రోజులో వారాలో పడుతుందని చదివిన పుస్తకం నా బల్లమీదే ఉంది.

ఇప్పుడు లెక్కేశాను. చుక్కంత సోర్సు నుంచి దూరం పెరిగేకొద్దీ తీవ్రత దూరం వర్గంతో తగ్గుతుంది. బ్యాడ్జీ యాభై సెంటీమీటర్ల దూరంలో, వేలు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నాయనుకుంటే, బ్యాడ్జీలో ఒకటికి వేలి దగ్గర 2500. నేను "ఏమీ లేదు" అన్న ఆ ఒక్క మిల్లీసీవర్టు వెనక వేలి మీద చర్మపు హద్దుకి అయిదు రెట్లు ఉండొచ్చు. పెరూలో యనాంగో అనే చోట 1999లో ఒక వెల్డరు ఇలాంటి ఇరిడియం సోర్సునే ఏమిటో తెలీక తీసి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. అతని కాలు తీసేయాల్సి వచ్చింది. మన ఢిల్లీ మాయాపురిలో 2010లో తుక్కులోకి వచ్చిన కోబాల్ట్-60 ఒకరి ప్రాణం తీసింది. ఈ రెండు కథలూ నేను టీ కొట్లో ఎన్నోసార్లు చెప్పినవే. మా ఆఫీసు గడప దాటి వచ్చిన వేళ్లు మాత్రం నాకు కథలా కనపడలేదు.

రెండ్రోజులు నిద్రపట్టక యలమంచిలి బస్సెక్కాను. అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాను. ఆ కుర్రాడు ఇప్పుడు మధ్యవయసువాడు, చెరకు రసం బండి పెట్టుకున్నాడు. నన్ను గుర్తుపట్టి స్టూలు వేశాడు. నేను కళ్లతో అతని కుడి చెయ్యే వెతుకుతున్నాను. రెండు వేళ్ల కొసలు వంకరపోయి, ఒకదానికి గోరు లేదు. నాకు గొంతు ఎండిపోయింది. ఎలాగో మాట కూడగట్టుకుని, ఆ రోజు ఫిక్సర్ అని చెప్పాను గానీ అది ఫిక్సర్ కాకపోవచ్చు అని మొదలుపెట్టాను. వర్గాలు, సెంటీమీటర్లు, గైడ్ ట్యూబు, అన్నీ చెప్పాను. అతను గెడ పెట్టి చక్రం తిప్పుతూ విన్నాడు.

"ఏటి మేష్టారూ, ఇదా?" అని చెయ్యెత్తాడు. "ఇది మూడేళ్ల కిందట ఈ మిషన్లో పడింది. అప్పుడు బొబ్బొచ్చింది ఎడం చెయ్యో కుడి చెయ్యో కూడా నాకు గేపకం లేదు. తోలూడిపోయి మానిపోయినాది."

మానిపోయిందంటే ఊపిరి పీల్చుకోవాలో, మిషను నమిలేశాక ఇక ఎవరూ ఏమీ తేల్చలేరని కుమిలిపోవాలో నాకు తెలీలేదు. ఒకసారి విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకి చూపిద్దాం, నేను వస్తాను, ఖర్చు నాది అన్నాను. అతను గ్లాసు నా చేతికిచ్చాడు.

"డాక్టరు సంగతి తర్వాత చూద్దారి. మీరొచ్చారు కాబట్టి అడుగుతున్నాను. ఒకపాలి నా బ్యాడ్జీ పోయిందని జీతంలో మూడొందలు కోసీసేరు. నాను పోగొట్లేదండీ, ఆఫీసులోనే ఇచ్చీసేను. రిజిస్టర్లో పోయిందని రాసింది మీరే. మీ దస్తూరీ నాకు తెల్దేటి?"

జేబులో వెతికితే రెండొందల యాభై ఉన్నాయి. రసం డబ్బులు పట్టుకుని మిగతాది ఇమ్మన్నాడు.